ఆ కాడ్మియం ఎక్కడి నుంచి వచ్చింది? పొలం మట్టిలో భార లోహాల మూలం వెతికిన నా అనుభవం

ల్యాబ్ నుంచి మొదటి విడత ఫలితాలు వచ్చిన రోజు కాడ్మియం వరసను మూడుసార్లు చదివాను. దశాంశ బిందువు ఎక్కడో తప్పు పడిందేమో అనిపించింది. మామూలు మట్టిలో కాడ్మియం చాలా తక్కువగా ఉంటుంది. చాలా చోట్ల కిలో మట్టికి అర మిల్లీగ్రాము కూడా ఉండదు. మేము నమూనాలు తీసిన పొలాల్లో దాదాపు సగం దాన్ని ఎప్పుడో దాటేశాయి. పక్కనే జింక్ వరస కూడా బాగా ఎక్కువగా ఉంది.

నా డాక్టరేట్ పనిలో భాగంగా ఆ పొలాలకు వెళ్లాను. కాలువ కింద సాగయ్యే భూములవి. కాస్త దూరంలో ఇనుప సామానుకు జింక్ పూత వేసే ఫ్యాక్టరీ, దానికో పొగగొట్టం ఉన్నాయి. ఎవరిని అడిగినా చెయ్యి అటే చూపించారు. నాకూ అదే నిజమనిపించింది. జింక్, కాడ్మియం ప్రకృతిలో కలిసే ఉంటాయి. జింక్ ఖనిజంలో కాడ్మియం కొంచెం కలిసి వస్తుంది, లోకంలో కాడ్మియం ఎక్కువగా దొరికేది కూడా జింక్ తీసే క్రమంలోనే. రెండు లోహాలూ ఎక్కువగా ఉన్నాయి, జింక్ వాడే ఫ్యాక్టరీ ఎదురుగా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. రిపోర్టులో మొదటి పేరా రాయడం కూడా మొదలుపెట్టాను.

మా గైడ్ మేడం దాన్ని చదివి ఒక్కటే అడిగారు: "మట్టి దేంట్లో కలిపావు?"

ఒక్కో పొలంలో ఐదు చోట్ల మట్టి తీసి, బకెట్లో బాగా కలిపి, అందులోంచి ఒక సంచికి నింపాం. అది రేకు బకెట్. జింక్ పూత వేసిన రేకు. తడి మట్టిని అందులో వేసి, గరిటెతో గీకుతూ కలిపాం. ఆ రోజే ఆసిడ్‌తో కడిగిన శుభ్రమైన ఇసుకను తడిపి అదే బకెట్లో, అదే గరిటెతో కలిపి ల్యాబ్‌కి పంపాను. ఇసుకలో జింక్ తేలింది. మొదటి విడతలో మాకు కనిపించిన జింక్‌లో ఎంత పొలానిదో, ఎంత బకెట్‌దో ఇక చెప్పే దారి లేదు. రెండు నెలల పని పక్కన పెట్టాల్సి వచ్చింది. దానికన్నా నన్ను ఎక్కువ కుదిపింది ఇంకొకటి. ఆ తప్పుడు జింక్ నా అనుమానానికి సాక్ష్యంలా నిలబడింది. ఆ రిపోర్టు అలాగే బయటికి వెళ్లి ఉంటే, ఒక ఫ్యాక్టరీ మీద మా బకెట్ పెట్టిన నేరం మోపేవాళ్లం.

ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ క్లెయిర్ పాటర్సన్ గురించి చదవాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. ఉల్కల్లోని సీసం ఐసోటోపులను, అంటే ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాలను కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చిన శాస్త్రవేత్త ఆయన. ఆ పనిలో ఆయనను ఏళ్ల తరబడి వేధించింది ల్యాబ్‌లోని గాలిలో, గాజు సామానులో, మనుషుల చర్మం మీద, జుట్టులో ఉన్న సీసమే. దాన్ని దూరం పెట్టడానికి ప్రత్యేకంగా శుభ్రమైన ల్యాబ్ కట్టుకున్నారు. ఆ తర్వాతే పర్యావరణంలో సీసం ఎంతగా పరుచుకుందో ఆయనకు అర్థమైంది, సీసం కలిపిన పెట్రోలు మీద పోరాడారు. మన చేతి నుంచి నమూనాలోకి వెళ్లేదాన్ని ముందు పట్టుకోకపోతే, బయటి నుంచి వచ్చినదాన్ని ఎలా చూపించగలం?

రెండోసారి ప్లాస్టిక్ బకెట్లు, చెక్క గరిటెలు పట్టుకెళ్లాం. లోతుగా తవ్వడానికి స్టెయిన్‌లెస్ స్టీల్ ఆగర్, అంటే మట్టిని తొలిచి తీసే పరికరం తప్పలేదు. స్టీల్‌లో క్రోమియం, నికెల్ ఉంటాయి కాబట్టి ఆగర్‌కు తగిలిన పైపొరను చెక్కతో గీకి పారేసి, లోపలి మట్టినే తీసుకున్నాం. ప్రతి ఇరవై నమూనాలకు ఒక ఖాళీ నమూనా (పొలం మట్టి లేకుండా అదే పద్ధతిలో నడిపేది), ఒక జంట నమూనా (అదే మట్టిని రెండోసారి కొలిచేది) పెట్టాం. లోహాల పరిమాణం ముందే తెలిసిన ప్రామాణిక మట్టిని కూడా మా నమూనాల మధ్య కలిపి పంపాం. ల్యాబ్ ఇచ్చిన అంకె ఆ తెలిసిన అంకెకు దగ్గరగా వస్తేనే మిగతావి నమ్మాం. అంతకుముందు ఒక ల్యాబ్ ఖాళీ నమూనాల ఫలితాలు అడిగితే ఇవ్వడానికి ఒప్పుకోలేదు, అక్కడికి మళ్లీ వెళ్లలేదు. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్లకు నా మాట ఒక్కటే: ఫలితాలతో పాటు ఖాళీ నమూనా, ప్రామాణిక మట్టి అంకెలు ఇవ్వని చోట డబ్బు కట్టకండి.

ఆర్సెనిక్ విషయంలోనూ అలాంటి ఉచ్చే ఒకటి ఎదురైంది. మట్టిని మేము ఆక్వా రీజియాలో, అంటే ద్రవరాజంలో కరిగించాం. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. లోహాలను వాటి అయాన్ల బరువును బట్టి గుర్తించి కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో ఆ క్లోరిన్, యంత్రంలో వాడే ఆర్గాన్ వాయువుతో కలిసి సరిగ్గా ఆర్సెనిక్ బరువే, అంటే 75 ఉన్న అయాన్ అవుతుంది. యంత్రానికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. అలా కలిసిన అయాన్లను హీలియం వాయువుతో అడ్డుకునే హీలియం సెల్ పెట్టి కొలిచాక మాకు కనిపించిన ఆర్సెనిక్‌లో చాలా భాగం మాయమైంది.

ఈసారి ఫలితాల్లో జింక్ మామూలుగా ఉంది. కాడ్మియం మాత్రం తగ్గలేదు.

అక్కడే కథ మారింది. బురద గట్టిపడి ఏర్పడే షేల్ రాయిలో లోహాల ప్రపంచ సగటు లెక్కలను తురేకియన్, వెడెపోల్ అనే శాస్త్రవేత్తలు 1961లో ప్రచురించారు. ఇప్పటికీ చాలామంది పోల్చి చూడటానికి వాడే పట్టిక అది. అందులో జింక్ కిలోకు 95 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.3. అంటే కాడ్మియం ఒక పాలు ఉంటే జింక్ మూడు వందల పాళ్ల పైన. జింక్ ఫ్యాక్టరీ దుమ్ము వల్ల కాడ్మియం పెరిగి ఉంటే, దానితో పాటు జింక్ ఎన్నో రెట్లు పెరగాలి. మా పొలాల్లో కాడ్మియం ఒంటరిగా పెరిగింది. జింక్ లేకుండా కాడ్మియం ఎక్కడి నుంచి వస్తుందన్నది అసలు ప్రశ్న అయింది.

దాని కంటే ముందు నికెల్, క్రోమియం సంగతి తేల్చాల్సి వచ్చింది, ఎందుకంటే అవి కూడా ఎక్కువగానే కనిపించాయి. మట్టిలో లోహం సహజ స్థాయిని ఎంత దాటిందో చెప్పే భూసంచయ సూచిక అని ఒకటి ఉంది, ముల్లర్ అనే శాస్త్రవేత్త 1969లో ఇచ్చినది. మట్టిలో ఉన్న లోహాన్ని, సహజంగా ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లతో భాగించి లాగరిథమ్ తీస్తారు. ఆ సహజ స్థాయి స్థానంలో షేల్ సగటు పెడితే మా పొలాలు నికెల్‌తో కలుషితమైనట్టు వచ్చింది. కానీ మీటరు లోతు దాకా తవ్వి, ఇరవై సెంటీమీటర్లకొక పొర చొప్పున చూస్తే నికెల్, క్రోమియం కిందికి వెళ్లే కొద్దీ పెరిగాయి. మనిషి పైనుంచి వేసింది ఏదైనా పైపొరలోనే ఎక్కువగా చిక్కుకుంటుంది. కింద ఎక్కువుంటే అది అడుగున ఉన్న రాయి నుంచి వస్తోందని అర్థం. అక్కడి మాతృశిలలో ఆ రెండు లోహాలూ సహజంగానే ఎక్కువ. అదే పొలం అడుగు పొరను సహజ స్థాయిగా తీసుకుని మళ్లీ లెక్క వేస్తే నికెల్ కాలుష్యం పూర్తిగా పోయింది. పుస్తకంలోని సగటు ఏ ఒక్క పొలం సగటూ కాదు. తవ్వకుండా సూచికలు లెక్కవేసిన వ్యాసాలు చూస్తే ఇప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. వాటిని నమ్మి ఎక్కడెక్కడి రైతుల భూమికి చెడ్డపేరు వచ్చి ఉంటుందో.

కాడ్మియం మాత్రం పై ఇరవై సెంటీమీటర్లలోనే ఉంది. కింద దాదాపు లేదు. కాబట్టి బయటి నుంచే వచ్చింది.

మ్యాపు వేయడానికి మాకు వారం పట్టింది. పొగగొట్టం నుంచి వచ్చి ఉంటే, గాలి వీచే దిక్కున ఫ్యాక్టరీకి దగ్గరలో ఎక్కువగా, దూరం పోయే కొద్దీ తక్కువగా కనిపించాలి. అలాంటి వరస మాకు దొరకలేదు. కాడ్మియం ఎక్కువున్న పొలం పక్కనే, గట్టు దాటగానే మామూలు పొలం వచ్చింది. ఒక చోట గట్టుకు ఇటు, అటు నాలుగు అడుగుల దూరంలో తీసిన రెండు నమూనాల మధ్య ఎనిమిది రెట్ల తేడా వచ్చింది. గాలిలో వచ్చే దుమ్ము గట్టు దగ్గర ఆగదు.

నీళ్ల ద్వారా వచ్చిందేమో అన్నది తర్వాతి అనుమానం. ఇక్కడ నాకు దారి చూపింది జపాన్‌లోని జింజూ నది అనుభవం. పైన ఉన్న కమియోకా గని నుంచి కాడ్మియం నదిలో చేరి, సాగునీటితో వరి పొలాల్లోకి వచ్చింది. ఆ బియ్యం, ఆ నీళ్లు ఏళ్ల తరబడి కడుపులోకి వెళ్లి మూత్రపిండాలు పాడై, ఎముకలు మెత్తబడి, కదిలితే చాలు విరిగే స్థితికి వచ్చిన మనుషుల బాధకు 'ఇటాయ్-ఇటాయ్' అని పేరు పడింది. నొప్పి, నొప్పి అని దాని అర్థం. 1968లో జపాన్ ప్రభుత్వం అది కాడ్మియం వల్లనేనని ఒప్పుకుంది. ఆ పొలాల మట్టిని మార్చే పనికి మూడు దశాబ్దాల పైగా పట్టి, 2012లో ముగిసింది. ఆ పొలాల్లో గమనించిన ఒక విషయం నాకు పనికొచ్చింది. కాలువ నీరు పొలంలోకి దిగే మడవ దగ్గర కాడ్మియం ఎక్కువగా, నీరు బయటికి పోయే చివర తక్కువగా ఉండేది. నీటితో కొట్టుకొచ్చిన మట్టి రేణువులు లోపలికి రాగానే కింద పడిపోతాయి కాబట్టి.

మేమూ పది పొలాల్లో మడవ దగ్గర, మధ్యలో, చివర విడివిడిగా నమూనాలు తీశాం. తేడా లేదు. కొన్నింటిలో మధ్యలోనే ఎక్కువ. కాలువ నీటిని వడకట్టి, ఆ వడపోతలో మిగిలిన బురదను కూడా కొలిచాం. ఇప్పుడు వస్తున్న నీటిలో చెప్పుకోదగ్గ కాడ్మియం లేదు.

ఆ దశలో నేను కంప్యూటర్ మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నాను. పాజిటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్, పొట్టిగా పీఎంఎఫ్ అనే పద్ధతిని ఫిన్లాండ్‌కు చెందిన పాతెరో, తాపర్ 1994లో ప్రతిపాదించారు. ఎన్నో నమూనాల్లో ఎన్నో మూలకాల అంకెలు ఇస్తే, ఏవి కలిసి పెరుగుతున్నాయో చూసి వాటిని కొన్ని గుంపులుగా విడదీస్తుంది. ఒక్కో గుంపు ఒక్కో మూలం అని మనం అనుకుంటాం. ఆ అనుకోవడం మనదే. గుంపులు ఎన్ని ఉండాలో నిర్ణయించేదీ మనమే, వాటికి పేర్లు పెట్టేదీ మనమే. నాలుగు గుంపులు పెట్టి నడిపితే ఒకటి నికెల్, క్రోమియం, ఇనుముది. అది రాయి. ఒకటి సీసానిది. ఒకటి రాగి, జింక్‌లది, కోళ్ల ఎరువు వేసే పొలాల్లో ఎక్కువగా వచ్చింది. కోళ్ల దాణాలో ఆ రెండూ కలుపుతారు, చాలా భాగం పెంటలోకి వచ్చేస్తుంది. నాలుగో గుంపులో కాడ్మియం, దానితో భాస్వరం.

భాస్వరం కనిపించగానే నా బుర్ర ఫాస్ఫేట్ ఎరువు అని చెప్పేసింది. దానికి ఆధారం ఉంది. ఫాస్ఫేట్ రాయిలో, ముఖ్యంగా సముద్రపు అవక్షేపాల నుంచి ఏర్పడిన రాయిలో, కాడ్మియం సహజంగా ఉంటుంది. ఎరువుతో పాటు పొలంలోకి వస్తుంది. అందుకే ఐరోపా సమాఖ్య 2022 జులై నుంచి ఫాస్ఫేట్ ఎరువుల్లో కిలో పీ2ఓ5కి (ఎరువులో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం) 60 మిల్లీగ్రాములకు మించి కాడ్మియం ఉండకూడదని పరిమితి పెట్టింది. రైతులతో మాట్లాడేటప్పుడు నేను ఎరువు సంగతి ఎత్తాను కూడా. వాళ్ల ముఖాలు ఇంకా గుర్తున్నాయి. తమ పొలాన్ని తామే పాడు చేసుకున్నారని నేను చెబుతున్నట్టు వాళ్లకు అనిపించింది. ఒకాయన లేచి వెళ్లిపోయారు.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. ముందే వేసి ఉండాల్సిన లెక్క అది. హెక్టారు పొలంలో ఇరవై సెంటీమీటర్ల లోతు మట్టి అంటే రెండు వేల ఘనమీటర్లు. ఘనమీటరుకు 1.3 టన్నుల చొప్పున 2,600 టన్నులు, అంటే 26 లక్షల కిలోలు. అందులో కిలోకు ఒక మిల్లీగ్రాము కాడ్మియం పెరగాలంటే 2,600 గ్రాములు కావాలి. ఎరువు సంగతి చూద్దాం. హెక్టారుకు ఏడాదికి 60 కిలోల పీ2ఓ5 వేశారనుకుందాం, ఆ ఎరువులో కాడ్మియం ఐరోపా పరిమితి అంచున ఉందనుకుందాం. ఏడాదికి 3.6 గ్రాములు. పంట తీసుకెళ్లేది, నీటితో పోయేది లెక్కలోకి తీసుకోకపోయినా, 2,600 గ్రాములు చేరడానికి 700 ఏళ్లు దాటుతుంది. ఇంత ఎరువు వాడటం మొదలై ఎన్నాళ్లయింది కనుక! ఎరువు కొంచెం కలిపి ఉండొచ్చు, కానీ మేము చూసిన మోతాదుకు అది చాలదు. ఎరువుల బస్తాల నుంచి నమూనాలు తీసి కొలిస్తే ఆ మోతాదు ఇంకా తగ్గింది. ఫాస్ఫేట్‌లో కాడ్మియంతో పాటు యురేనియం కూడా ఉంటుంది, మా కాడ్మియం పొలాల్లో యురేనియం పెరగలేదు.

ఉదయాన్నే వెళ్లి ఆ లేచి వెళ్లిపోయిన పెద్దాయనను కలిసి లెక్క చూపించాను. ఎరువు వల్ల కాదు, నేను తొందరపడి మాట్లాడాను, క్షమించండి అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఇది: "ఇన్నిసార్లు వచ్చి మట్టి తవ్వుకెళ్లారు. ఈ మట్టి ఎక్కడిదని ఒక్కసారైనా అడిగావామ్మా?"

నాకు అర్థం కాలేదు. పొలంలో మట్టి పొలానిదే కదా.

"కాదమ్మా. పైమట్టి కాలువది. పూడిక తీసినప్పుడు తోలించుకున్నాం. నల్లమట్టి, బలమని."

కాలువ అడుగున చేరిన పూడికను తవ్వి గట్టు మీద పోస్తే, దగ్గర్లో పొలాలున్నవాళ్లు తోలుకుని చల్లుకున్నారు. సేంద్రియ పదార్థం, భాస్వరం ఉన్న మట్టి, పంట బాగా వచ్చింది కూడా. భాస్వరం అక్కడి నుంచి వచ్చింది! పీఎంఎఫ్ తప్పు చెప్పలేదు. కాడ్మియం, భాస్వరం నిజంగా కలిసే వచ్చాయి. ఆ జంటకు పేరు పెట్టడంలో నేను తప్పాను.

ఆయనకు పొలాల మ్యాపు ఇచ్చాను. రంగులు, అంకెలు ఏవీ లేని ఖాళీ మ్యాపు. మా ఫలితాలు ఆయన చూడలేదు. ఎవరెవరు పూడిక తోలించుకున్నారో గుర్తు పెట్టమన్నాను. మరో ఇద్దరు పెద్దవాళ్లను పిలిపించుకుని, వాదించుకుంటూ, ఒకరి మాట ఒకరు సరిచేసుకుంటూ మధ్యాహ్నం దాకా పెన్సిల్‌తో గుర్తులు పెట్టారు. దాన్ని తీసుకెళ్లి మా మ్యాపు పక్కన పెట్టినప్పుడు నా చేతులు వణికాయి. ఒక్క పొలం తప్ప మిగతావన్నీ సరిపోయాయి. ఆ ఒక్క పొలంలో కాడ్మియం ఎక్కువుంది, వాళ్లు మాత్రం పూడిక తోలలేదన్నారు. చదును చేసేటప్పుడు పక్క పొలం మట్టి అందులోకి లాగి ఉండొచ్చని నా ఊహ, తేల్చలేకపోయాను.

లెక్క కూడా కుదిరింది. హెక్టారు మీద ఒక సెంటీమీటరు మందాన పూడిక చల్లితే 130 టన్నులవుతుంది. అందులో కిలోకు 20 మిల్లీగ్రాముల కాడ్మియం ఉంటే, ఇరవై సెంటీమీటర్ల లోతుకు దున్ని కలిపాక సరిగ్గా కిలోకు ఒక మిల్లీగ్రాము చేరుతుంది. ఎరువుకు ఏడు వందల ఏళ్లు పట్టేది, ఒక్క వేసవిలో అయిపోతుంది.

మరి పూడికలోకి ఎలా వచ్చింది? కాలువ అడుగు ఇప్పటికే తవ్వేశారు కాబట్టి పాత పొరలు అక్కడ లేవు. కాలువ పక్కన నీరు నిలిచే ఒక మడుగు మాత్రం ఎవరూ ముట్టుకోకుండా మిగిలింది. అందులోకి ప్లాస్టిక్ గొట్టం దింపి నిలువుగా బురద తీశాం. దాన్ని సెంటీమీటరు చొప్పున కోసి, ఒక్కో ముక్కలో లోహాలు, సీసం-210 కొలిపించాం. సీసం-210 గాలిలోంచి రాలి బురదలో చేరుతుంది, దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్లు. కాబట్టి పొర ఎంత పాతదో దానితో అంచనా వేయవచ్చు. కాడ్మియం పైపొరల్లో తక్కువగా ఉంది. కిందికి వెళ్లేకొద్దీ పెరిగి, ఒక చోట శిఖరానికి చేరి, ఇంకా కిందికి వెళితే మళ్లీ తగ్గి సహజ స్థాయికి వచ్చింది. ఆ శిఖరం, జింక్ ఫ్యాక్టరీ మొదలవడానికి ముందటి కాలానిది.

ఎగువకు నడుచుకుంటూ వెళ్లి, గట్టు వెంబడి బురద నమూనాలు తీస్తూ పోయాం. ఒక పాత డ్రైన్ కలిసే చోటు దాటగానే కాడ్మియం ఒక్కసారిగా పడిపోయింది. ఆ డ్రైన్‌కు పైన, ఎప్పుడో మూతపడిన ఒక షెడ్డు పునాదులు కనిపించాయి. బోల్టులు, నట్లు తుప్పు పట్టకుండా కాడ్మియం పూత వేసే పని అక్కడ జరిగేదని ఒకప్పుడు అందులో పనిచేసిన ఒకాయన చెప్పారు. పూత వేశాక కడిగిన నీళ్లు నేరుగా డ్రైన్‌లోకే వదిలేవారట. జింక్ లేకుండా కాడ్మియం ఒక్కటే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. షెడ్డు మూతపడినా దాని మురుగు కాలువ అడుగున పడి ఉంది. ఎవరో పూడిక తీసే వరకు అది అక్కడే ఉండేది. రైతులు దాన్ని మంచి మట్టి అనుకుని భుజాన వేసుకున్నారు.

సీసం కథ వేరే, త్వరగానే తేలింది. రోడ్డు పక్కనున్న పొలాల్లో మాత్రమే ఎక్కువ, లోపలికి పోయే కొద్దీ కొన్ని పదుల మీటర్లలోనే తగ్గిపోయింది. సీసానికి నాలుగు స్థిరమైన ఐసోటోపులున్నాయి. యురేనియం, థోరియం క్షయమై వాటిలో మూడు పెరుగుతూ ఉంటాయి. ఖనిజం ఏర్పడిన రోజు దాని నిష్పత్తి అలాగే ఆగిపోతుంది. అందుకే పాత ఖనిజం నుంచి తీసిన సీసాన్ని, పొలంలోని సహజ సీసాన్ని సీసం-206, సీసం-207 ఐసోటోపుల నిష్పత్తితో విడదీయవచ్చు. రోడ్డు పక్క పైమట్టి నిష్పత్తి, అడుగు మట్టితో కలవలేదు. 1923లో మొదలైన సీసం పెట్రోలు, ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో ఆగింది. అది ఆగినా రోడ్ల పక్కన పడిన సీసం ఎక్కడికీ పోలేదు. రోడ్డు పొడవునా మాకు కనిపించింది ఎక్కువగా అదేనని నా నిర్ణయం.

రైతులను కూర్చోబెట్టి ఫలితాలు చెప్పిన రోజు, ఎవరు చేశారన్న ప్రశ్న మీద ఎక్కువసేపు నిలవలేదు. "మా పంటకు ఎక్కుతోందా, మేం తినొచ్చా?" అని అడిగారు. మట్టిలో మొత్తం ఎంతుందన్న అంకె ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వదు. లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు 1978లో ఇచ్చిన పద్ధతిలో, మట్టి నుంచి లోహాలను పట్టి లాగే డీటీపీఏ ద్రావణంతో, మొక్క వేరు తీసుకోగలిగే భాగాన్ని అంచనా వేశాం, పంట ఆకులనూ గింజలనూ విడిగా కొలిచాం. నికెల్ రాయిలో బంధించి ఉంది, మొక్కకు దాదాపు అందదు. కాడ్మియం అందుతోంది. మట్టి ఆమ్లంగా ఉన్న పొలాల్లో ఎక్కువగా, సున్నపు గుణం ఉన్నచోట తక్కువగా అందుతోంది. ఆకుల్లో గింజల కంటే ఎక్కువ. అందుకే మూడు పొలాల్లో ఆకుకూరలు మానేయమని, ఆమ్లంగా ఉన్నవాటికి సున్నం వేసి పీహెచ్ పెంచమని, ప్రతి పంటా కొలిపించాకే తినమని చెప్పాం. ఇది కాడ్మియాన్ని తీసేయదు, మొక్కలోకి వెళ్లకుండా ఆపుతుంది, అదీ కొంతవరకే. ఆ మాట దాచకుండా చెప్పాను. ఒకామె "మా పిల్లలకు ఇన్నేళ్లూ అదే పెట్టాం" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మూత్ర పరీక్షలకు ఎవరిని అడగాలో రాసిచ్చి, తోడుగా వెళ్లాను.

షెడ్డు నడిపినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియలేదు. ఫలితాలు, మ్యాపు, పొరల తేదీలు జోడించి సంబంధిత కార్యాలయానికి ఇచ్చాను. రెండుసార్లు అడిగినా ఫైలు పరిశీలనలో ఉందనే చెప్పారు. ఫ్యాక్టరీ మీద ఊళ్లో ఉన్న అనుమానం తీసేయడానికి ఆ మ్యాపునే చూపించాను, కొందరు ఇంకా ఒప్పుకోలేదు. దాని పొగలో ఏమీ లేదని నేను అనడం లేదు, ఈ కాడ్మియం మాత్రం దానిది కాదని అంటున్నాను.

కాలువలో మరోసారి పూడిక తీస్తారని ఈమధ్య తెలిసింది. డ్రైన్ కలిసే చోటు నుంచి దిగువకు రెండు కిలోమీటర్ల దాకా తవ్విన మట్టిని పొలాలకు ఇవ్వొద్దని, విడిగా పోసి కొలిచాకే కదిలించమని పెద్దాయన పేరు ముందు పెట్టి రైతులందరూ సంతకాలు చేసిన అర్జీ ఇచ్చారు. గట్టు మీద పాత పూడిక కుప్ప ఒకటి ఇంకా మిగిలే ఉంది. నిన్న దాని నుంచి పన్నెండు నమూనాలు తీశాం, ప్లాస్టిక్ బకెట్లో.